నిక్సీ ట్యూబులు: ఎవరి కొరత, ఎవరి నిల్వ

సోవియట్ యూనియన్లో తయారైన ఐఎన్-12 అనే ట్యూబులో 5 వెలిగినప్పుడు కాస్త జాగ్రత్తగా చూడండి. అది 5 కాదు. 2 అంకె రేకునే పైది కిందకి తిరగేసి పెట్టారు. కాగితం మీద 2 రాసి దాని కింద అద్దం నిలబెడితే ఏం కనిపిస్తుందో అది. విడిగా 5 కోసం ఇంకో అచ్చు చేయించడం దండగ అనుకున్నారన్నమాట. ఐఎన్-14లో కూడా అంతే. పెద్ద సైజు ఐఎన్-18 దగ్గరికి వచ్చేసరికి మాత్రం దానికి దాని సొంత 5 ఉంది. పెద్దింటి బిడ్డ కదా.

నిక్సీ అంటే తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. ఎలక్ట్రీషియన్ జేబులో ఉండే టెస్టర్ చూసే ఉంటారు. ఫేజ్ తగిలితే అందులో చిన్న నియాన్ దీపం నారింజ రంగులో వెలుగుతుంది. ఆ వెలుగు ఋణ ధ్రువం చుట్టూ పొరలా అంటుకుని ఉంటుంది. ఆ ధ్రువాన్ని అంకె ఆకారంలో కోస్తే అంకే వెలుగుతుంది. అలాంటి పది అంకెల్ని ఒకదాని వెనక ఒకటి, తగలకుండా పేర్చి, ముందు సన్నని జల్లెడ లాంటి ధన ధ్రువం పెట్టి, గాజు బుడ్డిలో నియాన్ నింపి మూసేస్తే నిక్సీ ట్యూబ్. పది అంకెలూ వరసగా ఉండవు. ముందున్నది వెనకదాన్ని వీలైనంత తక్కువ కప్పేలా కలగాపులగంగా పేరుస్తారు. అందుకే నిక్సీ గడియారంలో అంకె మారినప్పుడల్లా అది కాస్త ముందుకో వెనక్కో జరిగినట్టు అనిపిస్తుంది. ఆ లోతు ఎల్సీడీ తెర మీద రాదు. వెలగడానికి 170 వోల్టుల డీసీ దాకా కావాలి. రేడియో వాల్వులో లాగా ఇందులో వేడెక్కే ఫిలమెంట్ ఏమీ ఉండదు.

(రామాయణంలో పిడకల వేట: తెలుగు అంకెలతో నిక్సీ ట్యూబ్ నేనెక్కడా చూడలేదు. ౩, ౪, ౬ ఆ నారింజ వెలుగులో ఎలా ఉంటాయో ఒక్కసారి ఊహించుకోండి.)

దీని పుట్టుక అమెరికాలో. న్యూజెర్సీలో హేడు బ్రదర్స్ అనే చిన్న ట్యూబుల కంపెనీ ఉండేది. లెక్కల మెషీన్లు చేసే బరోస్ కంపెనీ 1954లో దాన్ని కొనేసి, 1955లో ఈ ట్యూబుని మార్కెట్లోకి తెచ్చింది. డ్రాయింగ్ మీద ఎవరో "న్యూమరిక్ ఇండికేటర్ ఎక్స్‌పెరిమెంటల్ నంబర్ 1" అన్నదాన్ని పొట్టిగా "నిక్స్ 1" అని రాసుకున్నారనీ, అదే నిక్సీ అయ్యిందనీ చెప్తారు. నిక్సీ అన్నది బరోస్ ట్రేడ్‌మార్కు. మనకి డాల్డా, జిరాక్స్ ఎలాగో అలాగే తర్వాత ఎవరు చేసినా అదే పేరు అంటుకుంది.

బరోస్ పేరు ఎక్కడో విన్నట్టుందా? మన ఫీల్డ్ వాళ్లు వినే ఉంటారు. టీసీఎస్ 1974లో తెప్పించుకున్న మెషీన్ బరోస్ వాళ్లదే, తొలినాళ్ల ఎగుమతి పనులకి ఆధారం అదే. ఆ తర్వాత వచ్చిన టాటా బరోస్ అనే కంపెనీయే టాటా యూనిసిస్ అయ్యి, టాటా ఇన్ఫోటెక్ అయ్యి, చివరికి 2006లో టీసీఎస్‌లో కలిసింది. అంటే నా లాంటి వాళ్ల జీతానికీ, ఈ గాజు బుడ్డికీ ఏదో దూరపు చుట్టరికం ఉంది :)

1960లలో వోల్ట్‌మీటర్లు, ఫ్రీక్వెన్సీ కౌంటర్లు, అన్నిట్లో ఇవే. 1961లో ఇంగ్లండులో వచ్చిన అనీటా అనే టేబుల్ మీది ఎలక్ట్రానిక్ క్యాలిక్యులేటర్ అంకెలు చూపించింది ఇలాంటి ట్యూబులతోనే. వైభవం ఎక్కువ కాలం నిలవలేదు. 1962లో ఎర్ర ఎల్ఈడీ వచ్చింది. 1972లో హెచ్‌పీ-35 అనే జేబు క్యాలిక్యులేటర్ ఎల్ఈడీ అంకెలతో వచ్చింది. అయిదు వోల్టులతో పని జరిగిపోతుంటే 170 వోల్టులు ఎవరిక్కావాలి? 1970లు పూర్తయ్యేసరికి పశ్చిమ దేశాల్లో నిక్సీ కథ దాదాపు ముగిసింది.

మరి ఇప్పుడు ఎవరైనా నిక్సీ గడియారం కట్టుకోవాలనుకుంటే?

హైదరాబాదులో ఉన్నవాడు మొదట వెళ్లేది కోఠి గుజరాతీ గల్లీకి. నేనూ అక్కడికే వెళ్లాను. ట్యూబ్ తప్ప మిగతావన్నీ ఒక్క శనివారం మధ్యాహ్నంలో దొరికాయి. 12 వోల్టుల్ని 170 చేసే సర్క్యూట్‌కి ఎంసీ34063, మాస్‌ఫెట్, ఇండక్టర్, 250 వోల్టుల కెపాసిటర్, టైమ్ చూసుకునే ఆర్‌టీసీ మాడ్యూల్, మైక్రోకంట్రోలర్ బోర్డు... అన్నీ. ట్యూబ్ అడిగితే కుర్రాళ్లు ఫోన్లో బొమ్మ చూపించమన్నారు. చూపిస్తే నవ్వారు. ఒక షాపులో వెనక కూర్చున్న పెద్దాయన మాత్రం బొమ్మ చూడకుండానే గుర్తుపట్టాడు. "వో సబ్ కబాడీ మే గయా బేటా" అన్నాడు. అంతా పాత సామాన్లవాడికి పోయిందట. ఒకప్పుడు రిపేరుకి వచ్చిన మీటర్లలోంచి తీసినవి డబ్బా నిండా ఉండేవనీ, ఎవరూ అడగకపోతే తూకానికి ఇచ్చేశాననీ చెప్పాడు. షాపు అద్దె కట్టేవాడికి ఆ డబ్బా పట్టిన చోటు ఖరీదు తెలుసు. ఆయన్ని తప్పు పట్టడానికేం లేదు.

మన దగ్గర కబాడీకి పోయింది, అమెరికాలో ఎప్పుడో అరుదైపోయింది. మరి సోవియట్‌లో ఎందుకు మిగిలింది? నన్ను నిజంగా పట్టుకున్న ప్రశ్న ఇది. ఎందుకంటే ఈ రోజు ప్రపంచంలో ఇళ్లలో వెలుగుతున్న నిక్సీ గడియారాలు చాలావరకు సోవియట్ ట్యూబులతోనే నడుస్తున్నాయి. 1980ల చివరి తేదీలు ముద్రించిన ట్యూబులు ఇప్పటికీ, అట్టపెట్టె కూడా విప్పకుండా, ఫ్యాక్టరీ తనిఖీ ముద్రతో సహా దొరుకుతాయి. అంటే పశ్చిమ దేశాల్లో ఇవి మూలపడ్డాక కూడా అక్కడ పదేళ్లకు పైగా చేస్తూనే ఉన్నారు.

ఒక కారణం, అక్కడి పరికరాల డిజైన్లు తొందరగా మారకపోవడం. అంతకంటే పెద్ద కారణం ఇంకొకటి ఉంది. హంగరీ ఆర్థికవేత్త యానోష్ కోర్నయి 1980లో కొరత ఆర్థిక వ్యవస్థ గురించి పెద్ద పుస్తకం రాశాడు. ప్లాను ప్రకారం నడిచే దేశంలో ఫ్యాక్టరీ మేనేజరుకి సరుకు అమ్ముడవుతుందా లేదా అన్న బెంగ ఉండదు. ముడిసరుకు వస్తుందా రాదా అన్నదే బెంగ. ఈసారి వంద కావాలంటే మూడొందలు అడుగుతాడు, వచ్చింది వచ్చినట్టు గోడౌన్లో దాస్తాడు. వచ్చే ఏడాది రాకపోతే? ప్రతివాడూ దాచడం వల్ల కొరత ఇంకా పెరుగుతుంది, కొరత పెరిగిన కొద్దీ ఇంకా దాస్తారు. రేషన్ షాపు క్యూలో నిలబడిన మన అమ్మమ్మలకి ఇది పుస్తకం చదవకుండానే తెలుసు. కిరసనాయిలు వచ్చిన రోజు ఇంట్లో ఉన్న డబ్బాలన్నీ బయటికి వచ్చేవి. నా లెక్క ప్రకారం మన చేతికి వస్తున్న ఈ ట్యూబులు ఆ భయం మిగిల్చిన నిల్వ.

ట్యూబుతో పాటు దాన్ని నడిపే చిప్ కూడా అక్కడిదే. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల 74141 అనే డ్రైవర్ చిప్ ఉండేది. నాలుగు బిట్లు ఇస్తే పది కాళ్లలో ఒకదాన్ని కిందకి లాగుతుంది, నిక్సీ వోల్టేజీని తట్టుకుంటుంది. నిక్సీలు పోయాక అదీ పోయింది. సోవియట్ వాళ్లు 7400 సిరీస్ చిప్పుల్ని కె155 పేరుతో చేసుకున్నారు. మనం ఫస్టియర్ ల్యాబులో వాడిన 7400 నాండ్ గేటు అక్కడ కె155ఎల్ఏ3. 74141కి వాళ్ల పేరు కె155ఐడీ1. ఇంకో తమాషా చూడండి. అమెరికా చిప్పుల్లో కాలికీ కాలికీ మధ్య దూరం అంగుళంలో పదో వంతు, అంటే 2.54 మిల్లీమీటర్లు. సోవియట్ వాళ్లు మెట్రిక్ మనుషులు, సర్క్యూట్ తీసుకున్నా అంగుళాన్ని తీసుకోలేదు. 2.5 మిల్లీమీటర్లు పెట్టుకున్నారు. పదహారు కాళ్ల చిప్‌లో ఈ తేడా ఈ చివరి నుంచి ఆ చివరికి 0.28 మిల్లీమీటర్లు. కాస్త నొక్కితే సాకెట్లో కూర్చుంటుంది. నలభై కాళ్ల చిప్ అయితే 0.76 మిల్లీమీటర్లు, నొక్కితే కాళ్లు వంగిపోతాయి. నా బోర్డు మీద ఆ చిప్ కూర్చోబెడుతున్నప్పుడు అది కొద్దిగా ఎదురు తన్నింది. కోల్డ్ వార్ గురించి స్కూల్లో చదివినదంతా ఒకెత్తు, ఇదొకెత్తు.

1991లో సోవియట్ యూనియన్ విడిపోయింది. ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, జీతాలు ఆగిపోయాయి. గోడౌన్లలో ఉన్నది బయటికి వచ్చింది. మొదట వచ్చినవాళ్లు తుక్కు వ్యాపారులు. సోవియట్ మిలిటరీ బోర్డుల్లో బంగారం, కేఎం రకం సెరామిక్ కెపాసిటర్లలో పల్లాడియం, ప్లాటినం ఉండేవి. వాటి కోసం మంచి మంచి పరికరాల్ని సుత్తెతో పగలగొట్టి, కాల్చి, కరిగించారు. నిక్సీలో అలా కరిగించి అమ్ముకునేంత సరుకేమీ లేదు. పనికిరానిది కాబట్టి బతికింది. తర్వాత ఇంటర్నెట్, ఈబే వచ్చాక గోడౌన్ మూలన ఉన్న అట్టపెట్టెకి గిరాకీ ఉందని అక్కడివాళ్లకి తెలిసింది.

అసలు ఎలక్ట్రానిక్స్ హాబీ అన్నదే ఎప్పుడూ ఇలా ఎవరో వదిలేసిన వాటి మీద బతికింది. న్యూయార్కులో కోర్ట్‌లాండ్ వీధి చుట్టుపక్కల రేడియో రో అని ఒక బజారు ఉండేది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక మిలిటరీ వదిలించుకున్న రేడియోలు, ట్యూబులు అక్కడికి కుప్పలుగా వచ్చాయి. వరల్డ్ ట్రేడ్ సెంటర్ కట్టడానికి 1966లో ఆ బజారుని కూల్చడం మొదలుపెట్టారు. టోక్యోలో అకిహబారా పుట్టుక కూడా యుద్ధం తర్వాత రోడ్డు పక్కన రేడియో సామాన్లు అమ్మిన బళ్లతోనే. అమెరికా సైనిక పాలకులు 1949లో రోడ్డు మీద బళ్లు తీసేయమంటే, రేడియో సామాన్లవాళ్లు రైలు పట్టాల కిందకి చేరారు. ఇప్పటికీ ఆ పట్టాల కింద మంచం అంత కొట్లలో రెసిస్టర్లు అమ్ముతున్నారు. మన దేశంలోనూ దిగుమతి లైసెన్సుల రోజుల్లో హామ్ రేడియో వాళ్లకి మిలిటరీ డిస్పోజల్ సామానే దిక్కు. బెంగళూరులో బీఈఎల్ 1961లో రేడియో వాల్వులు, 1962లో జెర్మేనియం సెమీకండక్టర్లు చేయడం మొదలుపెట్టాక కాస్త ఊపిరి ఆడింది.

ఇది హాబీ వాళ్ల గొడవ మాత్రమే అనుకోకండి. 2002లో న్యూయార్క్ టైమ్స్ ఒక వార్త రాసింది. స్పేస్ షటిల్ బూస్టర్లని పరీక్షించే పరికరాల కోసం నాసా వాళ్లు 8086 చిప్పుల్ని ఈబేలో వెతుక్కుంటున్నారని! పాత వైద్య పరికరాల్ని కొని మరీ వాటిలోంచి చిప్పులు పీకారట. నవ్వొస్తుంది గానీ, వై2కే నాడు మన సీనియర్లు అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని అమెరికా వెళ్లింది కూడా ఇలాంటి అవసరం మీదే. తేడా ఏమిటంటే కోబాల్ని మళ్లీ మూడు నెలల్లో నేర్పొచ్చు. చేయడం ఆపేసిన చిప్‌ని నేర్పలేం.

నేర్పలేమా? ట్యూబు విషయంలో ఒకాయన ప్రయత్నించాడు. చెక్ దేశానికి చెందిన డాలిబోర్ ఫార్నీ 2010ల మొదట్లో సొంతంగా నిక్సీ ట్యూబులు చేయడానికి పూనుకున్నాడు. 1950ల నాటి వస్తువే కదా, ఎంతసేపు అనిపిస్తుంది. కొన్నేళ్లు పట్టింది. పేటెంట్లు ఉన్నాయి, పాత పుస్తకాలు ఉన్నాయి. కానీ గాజులోంచి లోహపు తీగ బయటికి వచ్చే చోట గాలి చొరబడకుండా ఎలా అతకాలి? వేడికి గాజు ఎంత పెరుగుతుందో తీగ కూడా అంతే పెరగాలి, లేకపోతే చల్లారేటప్పుడు కంటికి కనపడని పగులు వస్తుంది. అతికాక గాజుని ఎంత మెల్లగా చల్లార్చాలి? లోపలి రేకుల్లో ఇంకి ఉన్న గాలిని ఎలా తరిమేయాలి? ఇవన్నీ ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్ల చేతుల్లో ఉన్న విద్య. ఫ్యాక్టరీ మూసినప్పుడు ఆ చేతులు ఇంటికి వెళ్లిపోయాయి, ఎవరూ రాసి పెట్టలేదు. మనం డాక్యుమెంటేషన్ లేని కోడ్ చూసి తిట్టుకుంటాం, అక్కడ కనీసం కోడ్ అయినా ఉంటుంది. ఫార్నీ మొత్తానికి సాధించాడు, తూర్పు జర్మనీ నాటి జెడ్568ఎం నమూనాలో ట్యూబులు చేసి అమ్ముతున్నాడు. ఒక్కోటి వంద డాలర్ల పైమాటే. ఖరీదు ఎక్కువని చాలామంది అంటారు. ఆ పని ఎలా జరుగుతుందో తీసిన వీడియో చూశాక నాకు అలా అనిపించలేదు.

మిగిలినవాళ్లకి పాత నిల్వే గతి. ఆ నిల్వ తరిగేదే గానీ పెరిగేది కాదు. ఈ ట్యూబులు అమ్మేవాళ్లు ఎక్కువమంది యుక్రెయిన్, రష్యాల్లో ఉండేవారు. 2022 ఫిబ్రవరి 24న యుద్ధం మొదలైంది. మార్చిలో పేపాల్ రష్యాలో సేవలు ఆపేసింది. యుక్రెయిన్ మీద విమానాలు ఆగిపోయాయి, పార్సిల్ ఏదైనా ముందు రోడ్డు మీదో రైలులోనో సరిహద్దు దాటాలి. నేను 2023లో యుక్రెయిన్ నుంచి ఆరు ఐఎన్-12లు తెప్పించుకున్నాను. అమ్మిన వ్యక్తి ముందే రాశాడు, కరెంటు ఉన్న రోజు ట్యూబులు ఒక్కొక్కటి వెలిగించి చూసి పంపిస్తానని. నేను తొందరేం లేదని జవాబిచ్చాను. ఇంకేం అనగలం? అయిదు వారాల తర్వాత వచ్చాయి. పెట్టె మీద తేదీ చూస్తే నేను పుట్టకముందుది.

ఒక చిన్న గడియారం సరదా కోసం ఈ నిల్వని ఖర్చు చేయడం సబబేనా అని అడిగిన మిత్రుడొకడు ఉన్నాడు. గోడౌన్లో పెట్టెలో ఉన్న ట్యూబు వెలిగితే దానికొచ్చిన నష్టమేమీ లేదని నా అభిప్రాయం. అది వెలగడానికే చేసింది. కానీ పనిచేస్తున్న పాత ఫ్రీక్వెన్సీ కౌంటరో వోల్ట్‌మీటరో కొని, ట్యూబులు పీకేసి, మిగతాది చెత్తలో పడేసేవాళ్లు కూడా ఉన్నారు. ఇది మాత్రం నాకు నచ్చదు. ఆ పరికరాన్ని బాగుచేసుకోవాలనుకునే ఇంకొకడికి ఒక్క ట్యూబు దొరక్క అది మూలపడుతుంది. మీ కాలేజీ ల్యాబు స్టోర్ రూములో అలాంటిది ఏదైనా కనిపిస్తే ముందు ప్లగ్ పెట్టి చూడండి, స్క్రూడ్రైవర్ తర్వాత.

ఇప్పుడు మనం వాడుతున్న చిప్పులు ఎవరి గోడౌన్లో మిగులుతాయి అన్నది ఇంకో ప్రశ్న. ఇప్పటి ఫ్యాక్టరీ కావలసినంతే, కావలసిన రోజుకే తెప్పించుకుంటుంది, నిల్వ అంటే నష్టం. 2021లో చిప్పులకి కరువొచ్చినప్పుడు కార్ల కంపెనీలు లైన్లు ఆపుకోవాల్సి వచ్చింది అందుకే. 1976లో వచ్చిన జెడ్80 ప్రాసెసర్‌ని 2024 దాకా చేశారు. ఆ ఏప్రిల్‌లో జైలాగ్ ఇక ఆపేస్తున్నామని చెప్పి, జూన్ 14 వరకూ ఆఖరి ఆర్డర్లు తీసుకుంది. రెండు నెలలు గడువిచ్చి మరీ చెప్పింది, అదే గొప్ప. జెడ్80కి ఎఫ్‌పీజీఏలో ప్రాణం పోయొచ్చు, పోస్తున్నారు కూడా. గాజులో వెలిగే అంకెకి ఆ సదుపాయం లేదు.

ట్యూబులు కొనేవాళ్లకి ఒక మాట చెప్పి ముగిస్తాను. నిక్సీలో ఎప్పుడూ ఒకే అంకె వెలుగుతుంటే, దాన్నుంచి రాలిన లోహం పక్క అంకెల మీద పొరగా పేరుకుంటుంది. తర్వాత ఆ అంకెలు సగమే వెలుగుతాయి. వాడేసిన ట్యూబుల్లో ఇది మామూలే. అందుకని రాత్రిపూట ఓ పది నిమిషాలు అంకెలన్నీ వరసగా తిప్పేలా ప్రోగ్రాంలో ఒక లూప్ పెట్టుకోండి. నాకొచ్చిన ఆరింటిలో ఒకదాంట్లో 7 సగమే వెలుగుతోంది, 9 అసలు వెలగడం లేదు. పారేయలేదు. 24 గంటల గడియారంలో మొదటి స్థానంలో 0, 1, 2 తప్ప వేరే అంకె రాదు కదా, దాన్ని అక్కడ పెట్టాను.